కారులో వచ్చి నక్కను చూస్తారట!

నందికొండ మీద సూర్యోదయం చూడాలని బెంగళూరు జనం ఆదివారాలు అర్ధరాత్రి దాటగానే బయల్దేరతారు. కొండెక్కాక కనపడేది మంచు, ఆ మంచులో ఒకరి ఫోనుకు ఇంకొకరి వీపు. పొద్దెక్కాక దిగివచ్చి, ఇడ్లీ తిని, దొడ్డబళ్లాపురం వైపు వైన్ తోటలకు తిరుగుతారు. అక్కడ టికెట్టు తీసుకుంటే ఎవరో ఒకరు తీగల వరసల మధ్య తిప్పి, పీపాలు చూపించి, చివర్న గ్లాసుల్లో కాస్త కాస్త రుచికి పోస్తారు. ఆ తిప్పుడుకు ‘నేచర్ వాక్’ అని పేరు.

మొన్నొక కుర్రాడు మా ఊరి టీకొట్టు ముందు కారు ఆపి, అద్దం సగం దించి, “అంకుల్, ఇక్కడ నక్కలు కనిపిస్తాయట కదా, ఏ స్పాట్‌లో?” అని అడిగాడు. ఇంజను ఆపలేదు. పాట ఆపలేదు. కాలు నేల మీద పెట్టలేదు. నక్క తోక తొక్కినవాడిది అదృష్టమంటారు. తొక్కాలంటే ముందు కాలు కింద పెట్టాలి కదా నాయనా!

ఈ దారులు నాకు ఉద్యోగం నేర్పినవి. పట్టుశాఖలో డెమాన్‌స్ట్రేటర్‌గా పనిచేశాను. చిక్కబళ్లాపురం, శిడ్లఘట్ట, దేవనహళ్లి వైపు మల్బరీ ఉన్న ఊరల్లా తిరగాలి. ఇటువైపు చాలా ఇళ్లలో తెలుగు, బజార్లో కన్నడం. ఇదేం కొత్త సంగతి కాదు. కొండ కింది ముద్దేనహళ్లిలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పెద్దలు ఆంధ్రలోని మోక్షగుండం నుంచి వచ్చినవాళ్లే. నెల్లూరు దాకా పారే పెన్న, పుట్టపర్తి మీదుగా పోయే చిత్రావతి, చిత్తూరు వైపు మళ్లే పాలారు, అన్నీ ఈ కొండల్లో పుట్టేవే. ఇప్పుడూ పుడుతున్నాయా అని మాత్రం అడగకండి.

బస్సు మెయిన్ రోడ్డు మీద దించేస్తే అక్కణ్ణుంచి రైతు ఇంటిదాకా నడకే. చేతిసంచిలో పట్టుపురుగుల గుడ్లు అంటించిన కాగితాలు. ఎండ ముదిరితే గుడ్లు పాడవుతాయి, అందుకని చీకట్లోనే బయల్దేరాలి. జంతువులు ఇళ్లకు మళ్లేది సరిగ్గా ఆ వేళకే. నేను వాటికోసం పోలేదు, అవీ నాకోసం రాలేదు. దారి ఒకటే కాబట్టి ఎదురుపడేవాళ్లం.

మా రోజుల్లో ఇవి బండిదారులు. రాత్రి ఎవరు నడిచారో పొద్దున దుమ్ము చెప్పేది. ఇక్కడ కుందేలు గెంతింది, ఇక్కడ ముంగిస అడ్డంగా ఉరికింది, ఇక్కడ ఉడుము తోక ఈడ్చుకుంటూ పోయింది, ఇక్కడ జెర్రిపోతు గట్టు దిగింది. బడికి పోయే పిల్లకాయలు కూడా చూసి చెప్పేవాళ్లు. ఇప్పుడు తారు వేశారు. తారు మీద జాడ పడదు, శవం పడుతుంది. పొద్దున నడకకు పోతే ఒకరోజు ముంగిస, ఒకరోజు పునుగుపిల్లి, వానలు మొదలైతే లెక్కలేనన్ని కప్పలు. ఇక మనిషి నడుద్దామంటే తారు అంచుకూ కాలువకూ మధ్య జానెడు చోటు లేదు. ముసలివాడు కనపడితే హారన్ ఇంకాస్త గట్టిగా కొడతారు, నాకు చెవుడేమోనన్న దయతో కాబోలు.

అయినా నా అసలు గొణుగుడు తారు మీద కాదు, కంచె మీద. మా రోజుల్లో దారికి రెండు పక్కలా కంచె ఉండేది. అడుగున కిత్తనార, దాని సందుల్లో తంగేడు, లంటానా, అక్కడక్కడా సీతాఫలం, కానుగ, వాటి మీద పాకిన గురివింద. ఆ ముళ్లలోకి మేక కూడా దూరేది కాదు. అందుకే కౌజులు, కంజులు అక్కడ పిల్లల్ని చేసేవి. ముంగిసకు ఇల్లు అదే, తొండకు గడప అదే. తొలకరి పడ్డాక రాత్రిపూట మిణుగురులు కంచె పొడుగునా వెలిగేవి, లాంతరు ఉన్నా ఎత్తబుద్ధయ్యేది కాదు. లంటానా మన దేశపు మొక్క కాదని, దాన్ని పీకెయ్యాలని మా మనవరాలు పాఠం చెబుతుంది. నిజమే కావచ్చు. కంజుపిట్ట మాత్రం పాస్‌పోర్టు అడగకుండా దాని కింద తలదాచుకుంది.

ఇప్పుడు కంచె అంటే రాతిస్తంభాలు, ఇనుప జాలీ, పైన ముళ్లతీగ. కొన్నిచోట్ల తలకు మించిన కాంపౌండు గోడ. మూరెడు భూమి కలిసొస్తుందని పచ్చకంచెను జేసీబీతో ఒక్క పూటలో లేపేశారు. ఏళ్ల తరబడి పెరిగిన కంచె అది. అందులో బతికినవి ఎక్కడికి పోయాయని ఎవరూ అడగలేదు. ఎక్కడికీ పోలేదు, అయిపోయాయి.

దేవాంగపిల్లి సంగతే చూడండి. పిడికెడు మనిషిలా ఉంటుంది, ముఖమంతా కళ్లే. చీకట్లో కొమ్మలు పట్టుకుని నింపాదిగా నడుస్తూ పురుగుల్ని తింటుంది. కోతిలాగా ఈ చెట్టు నుంచి ఆ చెట్టుకు దూకలేదు. కొమ్మకు కొమ్మ తగిలి ఉంటేనే దానికి దారి. ఊరి బయటి గుండుతోపు నుంచి కంచె చెట్ల మీదుగా ఇంకో తోపుకు పోయేది. మామిడి, నేరేడు, కానుగ నిండిన ఆ ఉమ్మడి తోపుల్లో కొన్ని ఇప్పటికీ మిగిలాయి. మధ్యలో కంచె లేదు. మిగిలిన తోపులో మిగిలిన దేవాంగపిల్లి ఇక అక్కడే ఖైదీ. దిగి రోడ్డు దాటబోతే ఏమవుతుందో ముందే చెప్పాను.

పాపమంతా ద్రాక్షదే అనుకునేరు. అది ఇక్కడికి వైన్ కోసం వచ్చినది కాదు. బెంగళూరు బ్లూ అనే నల్లటి పండ్ల ద్రాక్ష నూరేళ్లకు పైబడి ఈ నేలల్లో ఉంది. తోలు నోట్లో ఊడివస్తుంది, వాసన వీధి చివరికి తెలుస్తుంది, పులుపూ తీపీ రెండూ ఉంటాయి. 2013లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చారు. మా రోజుల్లో దాన్ని పందిరి మీదికి పాకించేవాళ్లు. పందిరి కింద నడిస్తే మిట్టమధ్యాహ్నం కూడా చల్లన. కాయ పండే రోజుల్లో పికిలిపిట్టలు, గోరింకలు, చిలకలు, రాత్రికి గబ్బిలాలు. వాటిని తోలడానికి మంచె మీద ఒక పిల్లవాడు, చేతిలో ఒడిసెల, పక్కన ఖాళీ డబ్బా. వాడు అరిచినంతసేపు అరిచి నిద్రపోయేవాడు. పిట్టల వాటా పిట్టలు తినేవి, మనది మనకు మిగిలేది. ఇప్పుడు తోటంతటికీ నైలాన్ వల. దారి పక్క వలలో పికిలిపిట్ట తలకిందులుగా వేలాడుతుంటే, విప్పడానికి నా దగ్గర బ్లేడు కూడా ఉండదు.

మందుల సంగతి నా వృత్తికి తగిలిన దెబ్బ కాబట్టి చెప్పక తప్పదు. బూజు తెగులుకు ద్రాక్ష రైతు మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టేవాడు. ఆకులు నీలంగా కనపడేవి, ఎక్కడ కొట్టాడో కంటికి తెలిసేది. తర్వాత రంగూ వాసనా తెలియని పురుగుమందులు వచ్చాయి. గాలి ఇటు తిరిగితే పక్క చేలో మల్బరీ ఆకు మీద పడతాయి. ఆ ఆకు మేసిన పట్టుపురుగు తల ఊపి, పచ్చగా కక్కి, గూడు కట్టే చంద్రికకు ఎక్కకముందే చచ్చిపోతుంది. నెల పొడుగునా ఇంటిల్లిపాదీ మేపిన పంట ఒక్క రాత్రిలో పోయి, గట్టు మీద ఇద్దరు అన్నదమ్ములు కొట్టుకోవడం కళ్లారా చూశాను. పురుగు చచ్చిందని పట్టు రైతు ఏడ్చాడు కాబట్టి లోకానికి తెలిసింది. కంచెలో పురుగుల్ని ఏరుకుతినే పిట్టల తరఫున ఏడ్చేవాళ్లు లేరు.

1988లో కన్వల్ గ్రోవర్ అనే ఆయన నందికొండ కింద, దొడ్డబళ్లాపురం పక్కన ఫ్రాన్సు రకాలు నాటించినప్పుడు మేమంతా నవ్వాం. పందిరి లేకుండా, వరసలుగా తీగలు కట్టి, గుత్తులు నడుమెత్తులోనే కాయిస్తారట! అందని ద్రాక్ష పుల్లన అన్న నక్కకు పాపం ఇక ఆ సాకు కూడా లేకుండా పోయింది. సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉన్న నేల, చల్లటి రాత్రులు, అందువల్ల పంట కుదిరింది. ఇప్పుడు కాబెర్నే, షిరాజ్ అంటూ మా ఊరి కూలి ఆడవాళ్లు కూడా పేర్లు గడగడా చెబుతారు. వేసవి మొదట్లో ఒక కత్తిరింపు, వానలు తగ్గుముఖం పట్టాక ఇంకో కత్తిరింపు, ఫిబ్రవరి, మార్చిలో కోత.

నేను వైన్ ముట్టను. మా మనవరాలు ఒకసారి గ్లాసు ముక్కు కింద పెట్టి, “నేరేడుపండు వాసన వస్తోంది చూడు తాతా” అంది. నేరేడుపండు వాసన కావాలంటే దారి పక్క నేరేడు చెట్లు కొట్టకుండా ఉంటే సరిపోయేది కదమ్మా అన్నాను. అది ముఖం ముడుచుకుంది.

అయినా న్యాయం చెప్పాలి. వైన్ తోట ఎక్కడి రకాలు నాటినా తోటే. రాత్రి దీపాలుండవు, మనుషులుండరు, వరసల మధ్య గడ్డి మొలుస్తుంది, గడ్డిలో ఎలుకలు, ఎలుకల కోసం నక్క, పైన గుడ్లగూబ. ఈ చుట్టుపక్కల నక్క కూత వినాలంటే ఇప్పుడు అటే పోవాలి. చలికాలంలో మధ్య ఆసియా నుంచి గులాబీ గోరింకలు దండుగా వచ్చి వాలేదీ అటువైపే. తోట కంటే చెడ్డవి రెండున్నాయి.

ఒకటి నీలగిరి చెట్టు. టిప్పు సుల్తాను 1790 ప్రాంతంలో ఆస్ట్రేలియా విత్తనం తెప్పించి నందికొండ మీద ముచ్చటకు పెంచాడంటారు. రాజుగారి ముచ్చట రాజుగారి తోటలో ఉన్నంతవరకు ఎవరికీ నష్టం లేదు. 1980లలో సామాజిక అడవులన్న పేరుతో రాగి చేలల్లోకి దించారు. దాని కింద గడ్డి మొలవదు, దాని మీద గూడు కనపడదు, పక్క బావిలో నీళ్లు నిలవవు. 2017లో ప్రభుత్వం కొత్తగా నాటొద్దని ఆపింది. అప్పటికి మా బోర్లు వెయ్యి అడుగులు దాటాయి.

రెండోది లేఅవుట్. 2008లో దేవనహళ్లి దగ్గర విమానాశ్రయం తెరిచారు. అంతవరకు రైతు గట్టు మీద కూర్చుని పంట మాట్లాడేవాడు, ఆ తర్వాత గజం మాట్లాడటం మొదలుపెట్టాడు. ద్రాక్షతోట పీకి, ప్లాట్లు కొట్టి, ఆ ప్లాట్ల బోర్డు మీద ద్రాక్షగుత్తి బొమ్మ వేస్తారు. ముందు గేటు, గేటుకు కాపలాదారు, రాత్రంతా తెల్లటి దీపాలు. మిణుగురు ఆ వెలుగులో తన జతను వెతుక్కోలేదు. నెమళ్లు మాత్రం బాగా పెరిగాయి. మా రోజుల్లో నెమలి కనపడితే పిల్లల్ని పిలిచి చూపించేవాళ్లం. ఇప్పుడు అవి కోళ్లలాగా చేలో దిగి మొలకలు ఏరుకుతింటుంటే తోలలేక చస్తున్నాం.

చెరువులు మాత్రం కొన్ని నిండాయి. బెంగళూరు మురుగును శుద్ధి చేసి గొట్టాల్లో పంపుతున్నారు. ఆ నీళ్లు ఎక్కడివో నీటికాకికి తెలియదు, వచ్చి మునుగుతోంది. తెలిసిన నేను ముక్కు మూసుకుని కట్ట మీద నడుస్తున్నాను.

బెంగళూరు నుంచి వచ్చేవాళ్లలో నాకు నచ్చిన జాతి ఒకటుంది. పొడుగు కెమెరాలు మోసుకుని పసుపు గొంతు పికిలిపిట్ట కోసం వచ్చేవాళ్లు. రాళ్ల కొండల్లో తప్ప ఉండని పిట్ట అది, దక్షిణాదిన తప్ప ఇంకెక్కడా లేదు. వాళ్లు కారు దూరంగా ఆపుతారు, నడుస్తారు, నోరు మూసుకుంటారు. నమస్తే పెడితే తిరిగి పెడతారు. వాళ్లకు నేనే టీ ఇప్పిస్తాను.

మిగతావాళ్లకు చెప్పేదొకటే. వచ్చేటప్పుడు నంది ఊళ్లో భోగనందీశ్వరుడి గుడి దగ్గరే బండి వదలండి. వెయ్యేళ్ల నాటి గుడి, చూడదగ్గదే. అక్కణ్ణుంచి తోటల దారిలో కాళ్లతో నడవండి. తెల్లవారుతుండగానో, పొద్దు గూకేముందో, పాటలు కట్టేసి. మా ఊరి రైతులకూ ఒక మాట. జాలీ వేసుకోండి, కాదనను, దాని బయట మూరెడు వెడల్పున కానుగో తంగేడో సీతాఫలమో నాటి వదిలెయ్యండి. దానికి నీళ్లు పెట్టక్కర్లేదు, మందు కొట్టక్కర్లేదు.