తాడు బిగువున్నంతసేపే

నేను గాలిపటాన్ని. పిల్లలు చూరుకు తగిలించుకునే కాగితం పటాన్ని కాదు. నన్ను ఎత్తి పట్టుకోవాలంటే ఒక మనిషి చాలడు. ముందొకటి వెనకొకటి పెట్టెల్లాంటి గుడ్డ గదులు, వాటిని కలుపుతూ కర్రలు, ఇరుపక్కలా గబ్బిలం రెక్కలు. ఆస్ట్రేలియాలో హార్‌గ్రేవ్ అనే ఆయన 1893లో పెట్టె పటం కనిపెడితే, దానికి రెక్కలు తగిలించి 1901లో పేటెంటు పుచ్చుకున్నవాడు మా కోడీ.

శామ్యూల్ ఫ్రాంక్లిన్ కోడీ అమెరికావాడు, ఇంగ్లండులో స్థిరపడ్డాడు. భుజాల దాకా జుట్టు, మెలేసిన మీసం, కౌబాయ్ టోపీ. కోడీ అన్నది కూడా పెట్టుకున్న పేరే, పుట్టుకతో వచ్చిన ఇంటిపేరు కౌడరీ. నాటకాల్లో గుర్రాలెక్కి, తుపాకులు పేల్చి సంపాదించిన డబ్బు మా గుడ్డకీ కర్రలకీ పోసేవాడు. పటం మనిషిని మోస్తుంది, పడవనీ లాగుతుంది అని నౌకాదళం వాళ్ళ చేత అనిపించుకోవాలని అతని తాపత్రయం.

అతని పేరులోని ఫ్రాంక్లిన్ అన్న ముక్క వింటే నాకు మరో ఫ్రాంక్లిన్ గుర్తొస్తాడు. మెరుపు కోసం పటం ఎగరేసిన బెంజమిన్ ఫ్రాంక్లినే. ఆ మెరుపు సంగతి అందరికీ తెలుసు, చెరువు సంగతి తక్కువమందికి తెలుసు. చిన్నప్పుడు ఒకరోజు పటం దారాన్ని గట్టు మీద గుంజకు కట్టి ఈతకి దిగాడట. కాసేపటికి పటమూ కావాలి, నీళ్ళూ కావాలి అనిపించింది. దారం విప్పుకొచ్చి, దాని కొసన ఉన్న పుల్లని పట్టుకుని వెల్లకిలా తేలాడు. పటం లాక్కుపోయింది. బట్టలు పట్టుకుని చెరువు చుట్టూ నడిచి అవతలి గట్టుకి రమ్మని ఇంకో కుర్రాడికి పురమాయించాడు కూడా! అయితే ఆ వయసులోనే ఒక సంగతి కనిపెట్టాడు. తను మరీ తొందరగా పటం వెంట పోతే దారం వదులై పటం దిగిపోతోంది. ఒక్క క్షణం ఆగి బరువు చూపిస్తే మళ్ళీ లేస్తోంది. 1773లో ఒక ఫ్రెంచి మిత్రుడికి ఇదంతా రాస్తూ, ఈ పద్ధతిలో ఇంగ్లండులోని డోవర్ నుంచి ఫ్రాన్సులోని కలే దాకా సముద్రం దాటడం అసాధ్యమేమీ కాదు, అయినా టపా ఓడే మేలు అని చమత్కరించాడు.

నూట ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆ దారినే, కాకపోతే అటు నుంచి ఇటు, నేను దాటాను. 1903 నవంబరు, కలే రేవు, రాత్రివేళ. పుస్తకంలా మడిచి పెట్టుకునే కాన్వాసు పడవ ఒకటి, బెర్తాన్ పడవ అంటారు. దానిలో కోడీ, నా తాడు.

నాకు తెరచాపంటే చులకన లేదు గానీ, అది పాపం స్తంభాన్ని కరుచుకుని అక్కడే ఉండాలి. అలల మీద రాసుకుంటూ వచ్చే గాలికి బలం తక్కువ, నిలకడ తక్కువ. నేను కొన్ని వందల అడుగులు పైకెళ్ళి అక్కడి గాలిని అందుకుంటాను. పైగా తెరచాపకి గట్టి గాలి తగిలితే పడవ పక్కకి ఒరుగుతుంది. నా తాడు కిందనే కట్టి ఉంటుంది కాబట్టి ఆ బెడద తక్కువ. నా లోపం కూడా చెప్పుకోవాలి. గాలి ఎటు పోతే దాదాపు అటే నా దారి. చుక్కాని తిప్పితే కాస్త పక్కకి జరుగుతాను తప్ప ఎదురెళ్ళలేను. అందుకే కోడీ గడియారం కంటే గాలిని ఎక్కువ చూసేవాడు.

ఆ రాత్రి నాకు పడవ కనిపించలేదు. తాడే నాకు పడవ. మంచుకి తడిసి తాడు బరువెక్కింది, నా గుడ్డా బరువెక్కింది. పడవ అల మీంచి జారినప్పుడు తాడు ఒక్కసారిగా వదులయ్యేది. నా ముందు గది వంగిపోయి, కింద నల్లటి నీళ్ళు దగ్గరయ్యేవి. అప్పుడు కోడీ చేతులు తెలిసేవి. గబగబా రెండు మూడు బారలు లాగేవాడు. ఆ లాగుడే నాకు గాలి. మళ్ళీ నిలదొక్కుకునేదాన్ని. తర్వాత తాడు మెల్లగా వదిలేవాడు, అరచేతులు ఒరుసుకుపోతున్నా. ఇలా ఎన్నిసార్లో! ఆటుపోట్లు మమ్మల్ని అడ్డంగా ఈడుస్తూనే ఉన్నాయి. డోవర్ చేరేసరికి మర్నాటి పొద్దు. పదమూడు గంటలు పట్టిందన్నారు. ఆ ఏడాది కొత్తగా వచ్చిన టర్బైన్ ఓడ గంటలో దాటేస్తోంది. ఫ్రాంక్లిన్ మాట నెగ్గిందనే ఒప్పుకోవాలి.

నా తర్వాతి తరం సంగతి వేరు. 2008 జనవరిలో బెలూగా స్కైసెయిల్స్ అనే 132 మీటర్ల సరుకు ఓడ జర్మనీ నుంచి వెనిజులాకి బయలుదేరింది, 160 చదరపు మీటర్ల పటం తోడుగా. దానిలో కర్రలు లేవు, పారాచూట్‌లా మెత్తటి గుడ్డే. నేను ఒకచోట నిలబడి లాగేదాన్ని. అది ఆకాశంలో 8 అంకె వేస్తూ తిరుగుతుంది. తిరిగే వేగానికి దానికి తగిలే గాలి పెరుగుతుంది, గాలి రెట్టింపైతే లాగే బలం నాలుగింతలు. ఇంజను ఆడుతూనే ఉంటుంది, తాగే నూనె తగ్గుతుంది. తాడు చూసుకునేది కంప్యూటరు. అరచేతులు ఒరుసుకుపోయే బాధ ఎవరికీ లేదు.

మళ్ళీ నా కాలానికి వస్తే, కోడీకి నౌకాదళమూ, తర్వాత సైన్యమూ పని ఇచ్చాయి. 1906 నుంచి సిపాయిలకు మాతో ఎగరడం నేర్పాడు. కానీ అతని కళ్ళు అప్పటికే ఇంజను మీద పడ్డాయి. 1908 అక్టోబరు 16న ఫార్న్‌బరోలో తను కట్టిన విమానం మీద 1,390 అడుగులు ఎగిరాడు. ఇంగ్లండులో ఇంజను విమానం అలా ఎగరడం అదే మొదటిసారి. దిగేటప్పుడు విమానం విరిగింది, మనిషి బతికాడు. ఆ సాయంత్రం షెడ్డులో అందరూ విరిగిన రెక్క చుట్టూ చేరారు. నేను గోడకి ఆనుకుని ఉన్నాను, నా తాడు ముడి ఇంకా ఎవరూ విప్పలేదు.