యాభై డాలర్ల చోటు

గేమ్ కన్సోల్ కొనడానికి వెళ్లిన తండ్రికీ, ఫ్లాట్ కొనడానికి వెళ్లినవాడికీ పెద్ద తేడా లేదు. బ్రోచర్లో పద్దెనిమిది వందల చదరపు అడుగులుంటుంది. తాళం తీసి లోపలికెళ్తే పదమూడు వందలు. మిగతాదేదండీ అంటే లిఫ్టు, మెట్లు, కారిడార్ అంటారు. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ డబ్బా మీద 512 జీబీ అని ఉంటుంది, ఆన్ చేస్తే ఆటలకు మిగిలేది 364. ప్లేస్టేషన్ 5 తొలి మోడల్ 825 అని చెప్పి 667 చేతిలో పెట్టింది. సిస్టమ్ సాఫ్ట్‌వేర్ కొంత ఆక్రమిస్తుంది. వెయ్యేసి లెక్కగట్టి అమ్మిన దాన్ని కొన్ని మెషీన్లు 1024 చొప్పున కొలవడంతో ఇంకొంత కరుగుతుంది. 2016లో రెరా చట్టమొచ్చి కార్పెట్ ఏరియా చెప్పి తీరాలంది కాబట్టి బిల్డరు కాస్త దారికొచ్చాడు. కన్సోల్ వాళ్లకు ఆ భయం కూడా లేదు.

అసలు చిన్న సైజు ఎందుకు చేస్తారంటే, ప్రకటనలో తక్కువ ధర వేసుకోవడానికి. కొనాల్సింది పెద్దదే. 2005లో ఎక్స్‌బాక్స్ 360ని హార్డ్‌డిస్క్ లేకుండా 299 డాలర్లకు, 20 జీబీ డిస్కుతో 399కి పెట్టారు. చవకది కొన్నవాడు రాత్రంతా ఆడుకోవచ్చు. ఎక్కడిదాకా ఆడాడో మెషీన్ గుర్తుపెట్టుకోవాలంటే మాత్రం మెమరీ యూనిట్ విడిగా కొనాలి! 2012లో నింటెండో వీ యూ 8 జీబీది 299, 32 జీబీది 349. 2023లో సిరీస్ ఎస్ 512 జీబీది 299, ఒక టీబీది 349. పదకొండేళ్లు గడిచాయి, కంపెనీ మారింది, యాభై డాలర్ల తేడా మాత్రం చెక్కుచెదరలేదు.

"ఇప్పుడు చిన్నది తీసుకోండి సార్, తర్వాత కార్డు వేసుకోవచ్చు," అంటాడు షోరూము కుర్రాడు. ఆ కార్డు సంగతి డాలస్‌లో ఉన్న బావమరిదిని అడగండి. 2020లో ఒక టీబీ ఎక్స్‌పాన్షన్ కార్డు 220 డాలర్లు. మెషీన్ మొత్తం 299. ఇంట్లో పాత యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ ఉందిగా అంటారేమో, కొత్త తరం ఆటల్ని అందులో దాచుకోవచ్చు గానీ అక్కణ్నుంచి ఆడనివ్వరు. ఆడాలంటే మళ్లీ లోపలికి కాపీ చేసుకోవాల్సిందే.

ఇక 364 జీబీలో కాపురం ఎలా ఉంటుందంటే, 2019 నాటి కాల్ ఆఫ్ డ్యూటీ ఒక్కటే వార్‌జోన్‌తో కలిపి రెండు వందలు దాటింది. ఆదివారం కొత్త ఆట దిగుతుంటే తెర మీద 'చోటు చాలదు' అని పడుతుంది, ఇంట్లో పంచాయితీ మొదలవుతుంది.

"నీ మైన్‌క్రాఫ్ట్ తీసెయ్ రా!"

"అది తీస్తే ఎంతొస్తుందే అక్కా, నీ కాల్ ఆఫ్ డ్యూటీ తియ్!"

తమ్ముడి లెక్క సరైనదే. కానీ దాన్ని తీసేశాక మళ్లీ దించుకోవాలంటే, వంద ఎంబీపీఎస్ కనెక్షన్ పూర్తి వేగంతో నడిచినా నాలుగున్నర గంటలు. ఆ పూట టీవీ సీరియల్ ఓటీటీలో చూసే అమ్మమ్మకు బఫరింగే గతి. కాబట్టి నెట్ సరిగా లేని ఊళ్లో పెద్దది కొనుక్కోవడం న్యాయం. ఫైబర్ ఉన్నవాళ్లు చిన్నదానితో సరిపెట్టుకోవచ్చు, పౌరుషం అడ్డురాకపోతే.

పౌరుషం అడ్డొస్తుంది. ఒక టీబీదే ఇంటికొస్తుంది, ఆఫర్లో చవగ్గా దొరికిన ఆటలన్నీ అందులోకి దిగుతాయి. అబ్బాయి రోజూ ఆడేది ఊరికే వచ్చే ఫోర్ట్‌నైట్ ఒక్కటే.