ఒక ఆకు భక్తి, రెండో ఆకు ఉల్లంఘన

మా బావమరిది హైదరాబాద్ ఇంటికి మూడంతస్తుల దాకా అనుమతి ఉంది, నాలుగో అంతస్తుకి ధైర్యం ఉంది. 2007 చివర్లో సర్కారు అనుమతి మీరిన కట్టడాలకి జరిమానా పథకం, బీపీఎస్, తెస్తే, డబ్బు కట్టి ఆ ధైర్యాన్ని క్రమబద్ధీకరించుకున్నాడు. ఆ ఇంటి సజ్జ పక్కింటివాళ్ళ కొబ్బరిమట్టని ఇప్పటికీ తోస్తూనే ఉంది.

అదే మనిషి టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఇల్లు కొన్నాక, వీధి తలుపుకి రంగు మార్చడానికి ఇళ్ళ యజమానుల సంఘం (హెచ్ఓఏ) ఆర్కిటెక్చరల్ కమిటీకి దరఖాస్తు పెట్టి, రంగు ముక్క అతికించి, నెలరోజులు ఎదురుచూశాడు. ఉన్నది లేత గోధుమరంగు. అడిగింది ఇంకాస్త లేత గోధుమరంగు.

ఉగాదికి తోరణం కట్టాడు. పండగ వెళ్ళిన కొన్నాళ్ళకి ఉత్తరం వచ్చింది: ముందు తలుపు మీద ఎండిన చెత్త కనిపిస్తోంది, తీసేయగలరు. జతగా ఓ ఫొటో. కారులోంచి తీశారేమో, అందులో తోరణం కన్నా కారు అద్దమే బాగా పడింది.

తలుపు మీద దేవుడికెంత చోటో టెక్సస్ శాసనసభ 2011లోనే లెక్క తేల్చింది. 25 చదరపు అంగుళాలు. అంతవరకు సంఘం నోరెత్తకూడదు, దాటితే ఎత్తొచ్చు. ఆ కొలతకి ఒక మామిడాకు పడుతుంది. రెండోది కడితే ఉల్లంఘన. 2021లో ఆ కొలత ఎత్తేశారు గానీ, మావాడి కాలనీ రూల్సు పుస్తకానికి ఆ కబురు చేరలేదు. మూల పత్రం సవరించాలంటే, అందులో అంతకన్నా తక్కువ రాసుకుంటే తప్ప, మొత్తం ఓట్లలో 67 శాతం కావాలి. బతుకమ్మ రోజున క్లబ్‌హౌస్‌లో నిలబడ్డానికి చోటుండదు. ఓటింగు రోజున కుర్చీలే కుర్చీలు.

దాంతో మావాడు తానే కమిటీలో చేరిపోయాడు. అప్పట్నుంచి సాయంత్రం నడకకి టేపు పట్టుకెళ్తున్నాడు. చెత్తడబ్బా వీధిలోంచి కనపడితే ఫొటో. గడ్డి పెరిగితే ఫొటో. ఓ తెలుగింటి వాకిట్లో ముగ్గు చూసి, అది శాశ్వత కట్టడమా తాత్కాలికమా, ఫారంలో ఏ గడిలో టిక్కు పెట్టాలో తేలక రాత్రంతా నిద్రపోలేదట. దరఖాస్తు కాదంటే కారణం రాసివ్వాలని చట్టం. మావాడు రాసే కారణం ఎప్పుడూ ఒకటే: కాలనీ అందానికి తగదు.

ఈమధ్య వాళ్ళావిడ బోర్డుకి నిలబడతానంటే కాళ్ళావేళ్ళా పడి మాన్పించాడు. మరీ చిన్న కాలనీల్లో తప్ప, బోర్డు సభ్యులు గానీ, వాళ్ళ భార్యాభర్తలు గానీ, ఆ ఇంట్లో ఉండేవాళ్ళు గానీ ఆర్కిటెక్చరల్ కమిటీలో ఉండకూడదని 2021లోనే మరో చట్టం వచ్చింది. ఆవిడ గెలిస్తే ఈయన టేపు పోతుంది. సర్పంచి గారి భర్త సంతకాలు పెట్టే ఊళ్ళ నుంచి వెళ్ళినవాళ్ళకి ఇలాంటి చట్టం మింగుడుపడదు.

ఇప్పుడు కమిటీ ముందున్న కేసు బూడిద గుమ్మడికాయ. ఇంటి భద్రత కోసం కెమెరా, కదలికల్ని పసిగట్టే సెన్సరు, ప్రహరీ పెట్టుకుంటే సంఘాలు మొత్తానికే వద్దనడానికి లేదని అదే ఏడాది చట్టం చేశారు. పక్కవీధి ఆయన దాన్ని చూపించి, గుమ్మానికి కట్టిన గుమ్మడికాయ కూడా భద్రతా ఏర్పాటేనంటున్నాడు. అది పరికరమా కూరగాయా అన్నది వచ్చే నెల తేలుస్తారు. మావాడి గుమ్మడికాయ గ్యారేజీ లోపల వేలాడుతోంది, వీధిలోంచి కనపడదు కాబట్టి దానికి రూలు వర్తించదట.