వడగాడ్పుల్ని వాడుకోవడం ఎలా?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఐటీ కారిడార్‌లో రోళ్లెవరి దగ్గరున్నాయి? మన దగ్గరున్నవి డెడ్‌లైన్లు, పగలాల్సింది అవే. మార్చి నుంచి జూన్ దాకా దేవుడు ఉచితంగా ఇచ్చిన సాకును చెమట తుడుచుకుంటూ వృథా చేసేవాళ్లను చూస్తే జాలేస్తుంది. హైటెక్ సిటీ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా ఉన్న తెలివైనవాళ్ల కోసమే ఈ చిట్కాలు. వరసగా పాటించండి. ఫలితం ఖాయం.

1. ఎండ చాలకపోతే ఊరు మార్చండి.

వడగాలి అని ప్రకటించడానికి వాతావరణ శాఖకు ఓ లెక్క ఉంది. మైదానాల్లో 40 డిగ్రీలు తాకాలి. సముద్రతీరంలో 37 చాలు. కొండల మీదైతే 30కే పనైపోతుంది. మామూలు కన్నా కనీసం నాలుగున్నర డిగ్రీలు ఎక్కువ ఉండాలని ఇంకో షరతు కూడా ఉంది గానీ, అది మీ మేనేజర్‌కు తెలీదు, మీరూ చెప్పకండి. మాదాపూర్ హాస్టల్లో కూర్చుని 40 కోసం ఎదురుచూడటం దేనికి? అరకులో రూమ్ తీసుకోండి. 30 డిగ్రీలు కాగానే, సాయంత్రం చలికి శాలువా కప్పుకుని మరీ, ‘ఇక్కడ వడగాలుల పరిస్థితి ఉంది సార్’ అని మెసేజ్ పెట్టండి. విశాఖలో అత్తగారిల్లు ఉన్నవాళ్లు 37తో సరిపెట్టుకోవచ్చు, భోజనం కూడా కలిసొస్తుంది.

కదల్లేనివాళ్లు రామగుండం అంకెను స్క్రీన్‌షాట్ తీసి పంపాలి. మేనేజర్ పుణెలో ఉంటాడు. రామగుండం అంటే రాయదుర్గం తర్వాతి మెట్రో స్టేషన్ అనుకుంటాడు. ఆన్‌సైట్‌లో ఉన్నవాళ్లూ నిరాశపడొద్దు. 2021 జూన్ 28న సియాటిల్‌లోనే 42 డిగ్రీలు దాటింది. ఆ రోజు ఫొటో ఇప్పటికీ పనికొస్తుంది, తేదీ ఉన్న మూల కత్తిరించండి చాలు.

ఒక్క జాగ్రత్త. హైదరాబాద్ రికార్డు 45.5 డిగ్రీలు, అదీ 1966 జూన్ 2న. ఈ సంగతి ఎవరికీ చెప్పకండి. ‘అప్పుడు ఏసీల్లేకుండా పనిచేయలేదా?’ అని అడిగే పెద్దమనిషి ప్రతి ఆఫీసులోనూ ఒకడుంటాడు.

2. ఏసీ 16లో పెట్టి దుప్పటి కప్పుకోండి.

2020 జనవరి నుంచి స్టార్ రేటింగున్న ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని కేంద్రం రూలు పెట్టింది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందనీ చెప్పింది. రిమోట్‌లో మైనస్ బటన్ పెట్టింది మరెందుకు? ఎనిమిది సార్లు నొక్కండి. రోజు మొత్తమ్మీద మీరు చేసే వ్యాయామం అదే.

అవుట్‌డోర్ యూనిట్‌ను పక్క ఫ్లాటు కిటికీ వైపు తిప్పి బిగించమని మెకానిక్‌కు చెప్పండి. ఏసీ వేడిని పోగొట్టదు, గదిలోంచి తీసి బయట పోస్తుంది. ఆ బయట అనేది వేరేవాళ్ల బెడ్‌రూమ్ కావడమే ఇందులో నేర్పు. వాళ్లూ తలుపులన్నీ మూసి 16కు దిగుతారు. వాళ్ల యూనిట్ మీ వంటింటి మీదకు ఊదుతుంది. కొండాపూర్ సందులో ఇరవై ఫ్లాట్లు ఇలా ఒకరి మీదొకరు వేడి పోసుకుంటూ ఉంటే, అర్ధరాత్రి ఏదో ఒక గంటకు ట్రాన్స్‌ఫార్మర్ ‘ఢాం’ అంటుంది. పండగ చేసుకోండి. ఇన్నాళ్లూ అబద్ధం చెప్పి తప్పించుకున్న పొద్దుటి స్టాండప్ కాల్‌ను, ఇవాళ నిజం చెప్పి తప్పించుకోవచ్చు.

3. నీడనిచ్చే దేన్నీ నమ్మకండి.

ఇళ్ల కప్పులు చల్లబరచాలని 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. కొత్తగా కట్టే వాణిజ్య భవనాలకూ, 600 గజాలు, ఆపైన స్థలంలో లేచే ఇళ్లకూ అది తప్పనిసరి. అపార్ట్‌మెంట్ మీటింగులో ఎవరైనా డాబాకు తెల్లరంగు వేయిద్దామంటే ‘మంచి ఆలోచన అంకుల్, సబ్‌కమిటీ వేద్దాం’ అనండి. కమిటీ మూడు కొటేషన్లు తెప్పించేలోపు మృగశిర వచ్చేస్తుంది.

ఆఫీసు కట్టిస్తున్నవాళ్లకు వేరే పద్ధతి ఉంది. నాలుగు వైపులా అద్దాలు పెట్టి ఎండంతా లోపలికి రప్పించండి. కళ్లు చెదురుతున్నాయని బ్లైండ్లు దించండి. చీకటైందని లైట్లు వేయండి. లైట్ల వేడికి ఏసీ పెంచండి. ఈ ఇంజినీరింగ్ విన్యాసం చూడాలంటే మైండ్‌స్పేస్ జంక్షన్‌లో నిలబడి తల చుట్టూ తిప్పితే చాలు.

వీధిలో మిగిలిన ఒక్క వేపచెట్టు కిందే కారు పెట్టండి. పిట్టలు పాడుచేస్తున్నాయని కొట్టించేదాకా ఫిర్యాదు చేయండి. కొట్టించాక, ఎండకు స్టీరింగ్ పట్టుకోలేకపోతున్నామని ఇంకో ఫిర్యాదు. పెద్ద ఎత్తున కొట్టదలిస్తే మాత్రం ముహూర్తం ముఖ్యం. 2025లో ఉగాది, రంజాన్ సెలవులు కలిసొచ్చిన రోజుల్లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి బుల్‌డోజర్లు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపేసింది. సెలవులు ఇంకొన్ని ఉండాల్సింది.

4. ట్యాంకర్ రాగానే ముందు కారు కడిగించండి. తాగడానికి ఎలాగూ క్యాన్ వస్తుంది.

5. మధ్యాహ్నం రెండింటికి ఐస్‌క్రీమ్ తెప్పించండి.

పొద్దున వద్దు, రాత్రి వద్దు. తారు మెత్తబడే వేళే రుచి. డెలివరీ అబ్బాయి హెల్మెట్ లోపల తడిసిన కర్చీఫ్‌తో గేటు దగ్గరికి వస్తాడు. అతన్ని సర్వీస్ లిఫ్టులో రమ్మనండి. అది ఏప్రిల్ నుంచి చెడిపోయి ఉన్న సంగతి మీకు తెలుసు, అతనికి తెలీదు. మెట్లెక్కి వచ్చేసరికి కరిగిందా? ఫొటో తీసి రీఫండ్ కొట్టండి. ఆ తర్వాత గ్లాసులో పోసుకుని తాగండి.

మన జగిత్యాల, నిజామాబాద్ మనుషులు పనికి పోయే ఎడారి దేశం ఎమిరేట్స్‌లో ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఆరుబయట పని నిషేధం. అలాంటి మెత్తదనం మనకెందుకు? కోకాపేటలో ఆ వేళకు కూడా సెంట్రింగ్ ఇనుము చేతులు మారుతూనే ఉంటుంది. మీ ఫ్లాటు చెప్పిన తేదీకి అందాలి కదా! బిల్డర్‌కు ఫోన్ చేసి ఇంకాస్త తొందరపెట్టండి.

6. మజ్జిగ జోలికి పోకండి.

చద్దన్నం, ఉల్లిపాయ, జొన్న అంబలి, తాటి ముంజలు, ఇవన్నీ బీదాబిక్కీ తిండి. మీ పాంట్రీలో కాఫీ మిషన్ ఉంది, ఊరికే వస్తుంది. గంటకొకటి లాగించండి. రాత్రి చల్లగా నాలుగు బీర్లు. లోపలికి పోయినదాని కన్నా బయటికి పోయేది ఎక్కువైతే ఒళ్లు తేలికగా, గాల్లో తేలినట్టు ఉంటుంది. ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసి ‘ఎండల తిరగకు బిడ్డా, సల్ల తాగు’ అంటుంది. ‘తాగుతున్ననే’ అని పెట్టేయండి.

7. సంపాదించిన సెలవును ఎండలోనే ఖర్చుపెట్టండి.

ఒకటో చిట్కాతో దొరికిన ‘వడగాలి సెలవు’ ఉంది కదా, దాన్ని ఇంట్లో పడుకుని పాడుచేయకండి. గచ్చిబౌలిలో బాక్స్ క్రికెట్ మధ్యాహ్నం స్లాటుకు రేటు తక్కువ. ప్లాస్టిక్ గడ్డి గాలి కన్నా ఎక్కువ కాలుతుంది, కాబట్టి పరుగులు వాటంతటవే వస్తాయి. తల తిరిగితే అది బౌలర్ స్పిన్ అనుకోండి. కండరాలు పట్టేస్తే రన్నర్‌ను పెట్టుకోండి. మాట తడబడి, ఎదుటివాడి పేరు గుర్తురాకపోతే నవ్వేయండి, స్టాండప్ కాల్‌లో రోజూ జరిగేదే. చెమట ఆగిపోయి, చర్మం పొడిబారి, జ్వరం 40 డిగ్రీలు దాటిందా? శుభం, చొక్కా ఉతికే పని తప్పింది. 108కు ఫోన్ చేయడం, తడిగుడ్డలు వేయడం లాంటి హడావిడి చేసేవాడు ఎవడైనా ఉంటే వాణ్ని జట్టులోంచి తీసేయండి.

2015 మేలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా వడదెబ్బకు పోయారు. వాళ్లలో చాలామంది కూలీలు, ముసలివాళ్లు. వాళ్లకు క్యాబ్ లేదు, కాఫీ మిషన్ లేదు, ఇలాంటి చిట్కాలు రాసిపెట్టేవాళ్లు అసలే లేరు.

8. కాగితాలు సిద్ధం చేసుకోండి.

పై ఏడూ శ్రద్ధగా పాటించినవాళ్లకే ఇది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాలుల్ని రాష్ట్ర విపత్తుగా గుర్తించి, వడదెబ్బతో పోయినవారి కుటుంబానికిచ్చే సాయాన్ని 50 వేల నుంచి 4 లక్షలకు పెంచింది. దరఖాస్తు మీరు పెట్టుకోలేరు, ఇంట్లోవాళ్లే పెట్టాలి. ఆధార్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు ఏ సొరుగులో ఉన్నాయో ఇవాళే చూపించి పెట్టండి.