చెవితో పనిలేని ఆడియో ఎడిటింగ్

అమ్మమ్మ చేత పెళ్లినాటి ముచ్చట్లు అరగంట చెప్పించి రికార్డు చేశారు. ఇప్పుడు దాన్ని ఆడాసిటీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి ఎనిమిది నిమిషాలకి కుదించాలి. ముందు హెడ్‌ఫోన్లు తీసి పక్కన పడేయండి. తెర మీద వేవ్ కనిపిస్తూనే ఉంది కదా, మళ్లీ వినడమెందుకు? లావుగా ఉన్నచోట మాట, సన్నగా ఉన్నచోట ఖాళీ. శాస్త్రం మొత్తం ఇంతే.

జూమ్ జోలికి పోవద్దు. అరగంటా ఒక్క తెరలో పట్టేట్టు పెట్టుకుని మౌస్‌తో గీసేయండి. 1920 పిక్సెళ్ల తెర మీద ఒక్కో పిక్సెల్‌కి ఇంచుమించు ఒక సెకను వస్తుంది. అంటే మీ చెయ్యి వెంట్రుకవాసి వణికితే నలభై వేల పైచిలుకు శాంపిళ్లు గల్లంతు. పోతే పోనివ్వండి, సెకనుకి 44,100 ఉన్నాయి.

సెలెక్ట్ చేశాక జెడ్ నొక్కితే రెండు అంచులూ వేవ్ సున్నా గీతని దాటే చోటికి జరుగుతాయట, అతుకు దగ్గర టక్కుమనదట. నొక్కకండి. ఆ టక్కు వినబడితేనే కదా మీరు కష్టపడ్డట్టు నలుగురికీ తెలిసేది! సి నొక్కితే ఆ ముక్క లేకుండా ఎలా ఉంటుందో ముందే వినిపిస్తుంది. వింటే ఇక కొయ్యడానికి చెయ్యాడదు.

ఇక ఖాళీల సంగతి. 'అక్క' అన్నప్పుడు నాలుక అంగిలికి అంటుకుని గాలి ఆగుతుంది, ఆ లిప్తపాటు వేవ్ చదునుగా పడుకుంటుంది. చూడ్డానికి వట్టి ఖాళీయే. కోసేయండి. 'అక' మిగులుతుంది. 'అత్త' కాస్తా 'అత', 'చెప్పాడు' కాస్తా 'చెపాడు'. ఒక్కొక్కటీ ఏరే ఓపిక లేకపోతే ట్రంకేట్ సైలెన్స్‌లో నిడివీ, కుదించాక మిగలాల్సిన కొలతా రెండూ 0.05 సెకను పెట్టి వదలండి, ఒత్తుల పని అదే చూసుకుంటుంది. అచ్చులో ఒత్తులు ఎగరగొట్టేవాళ్లని ఎవరూ ఏమీ అనడం లేదు, మనకెందుకు మొహమాటం?

అమ్మమ్మ ఊపిరి పీల్చుకుందంటే వాక్యం అయిపోయినట్టే లెక్క. "మీ తాతయ్య నన్ను పువ్వుల్లో పెట్టి చూసుకున్నారు" అని ఆగింది. కాసేపాగి, "అనుకుంటున్నావేమో!" అంది. తెలుగులో క్రియ ఆఖర్నే వస్తుంది, వాక్యాన్ని తిప్పేసే మాట దానికీ ఆఖర్న వస్తుంది. దానికోసం కాచుక్కూర్చుంటే పని తెమిలేదెప్పుడు? ఊపిరి దగ్గరే కోసేయండి. తాతయ్య పరువూ దక్కుతుంది.

మీకో మైకు, ఆవిడకో మైకు పెట్టి రెండు ట్రాకుల్లో రికార్డు చేశారా? ట్రాకులన్నిటినీ కలిపి జరిపే సింక్‌లాక్ ఆపేసి, మీ ట్రాకులో ఒక్కదాంట్లోనే దగ్గులూ ఊఁలూ కోసుకుంటూ పోండి. కోసినకొద్దీ మీ ప్రశ్నలు ముందుకి జరుగుతాయి. "పెళ్లికి ఎంతమంది వచ్చారు?" అంటే "తొమ్మిదో క్లాసు దాకా చదివా" అంటుంది. విన్నవాళ్లు పెద్దావిడ కదా అని సర్దుకుంటారు.

ఫ్యాన్ హోరు పోవాలంటే హోరు మాత్రమే ఉన్న రెండు మూడు సెకన్లు సెలెక్ట్ చేసి నాయిస్ ప్రొఫైల్ తీసుకోవాలంటారు. అంత వెతుకులాట దేనికి? ఆవిడ గట్టిగా మాట్లాడిన చోటే తీసుకోండి. గొంతు బావిలోకి దిగిపోతుంది, పాతకాలపు రికార్డింగులా ఉందని మెచ్చుకుంటారు.

అంతా అయ్యాక ఒరిజినల్ మీదే ఎక్స్‌పోర్ట్ కొట్టేయండి. ఫోన్లోదీ చెరిపేయండి, చోటు కలిసొస్తుంది. ఏదైనా తేడా వస్తే అమ్మమ్మనే మళ్లీ అడగొచ్చు. ఈసారి విసుక్కుంటూ రెండు ముక్కల్లో తేల్చేస్తుంది, మనకి కోసే పనీ తప్పుతుంది.