జర్మనీ తలుపు, జపాన్ ఓపిక

జపాన్, జర్మనీ లగ్జరీ కార్ల పోలిక ఋతువును బట్టి వచ్చేది. జీఎస్టీ 40 శాతానికి దిగిన 2025 దసరా నవరాత్రుల్లో మొదలైన ఈ విడత ఇంకా చల్లారలేదు. కొనేవాళ్ళు పదిమంది, పోల్చేవాళ్ళు పదివేలమంది. పోలిక సిద్ధాంతం మాత్రం మూడు దశాబ్దాలుగా మారలేదు: జర్మన్ కారుకు ఆత్మ ఉంటుంది, జపాన్ కారుకు ఓపిక ఉంటుంది. బీఎండబ్ల్యూ నడిపేవాడికి, బెంజి వెనక కూర్చునేవాడికి, ఆడి ఇంకా తేల్చుకోనివాడికి, లెక్సస్ ఈ మూడింట్లో ఏదో ఒకదాని సర్వీసు బిల్లు చూసి జడుసుకున్నవాడికి.

ముందుగా చరిత్ర. 1986 మార్చిలో హోండా అమెరికాలో అక్యూరా పేరుతో దుకాణం తెరిచింది. 1989లో టయోటా లెక్ససుతో, నిస్సాన్ ఇన్ఫినిటీతో వచ్చాయి. జపాన్ ఓపిక అని ఇప్పుడు పొగడబడుతున్న లెక్సస్ తయారీకి ముందు, 1985లో, టయోటా తన మనుషుల్ని కాలిఫోర్నియాలోని లగూనా బీచ్‌కు పంపింది, డబ్బున్న అమెరికన్లు ఎలా బతుకుతారో పక్కనే ఉండి చూసి రమ్మని. చూసి వచ్చాక సుమారు 450 నమూనా కార్లు తయారుచేసి ఎల్ఎస్ 400ను బయటికి తెచ్చారు. దాని ప్రకటనలో బానెట్ మీద షాంపేన్ గ్లాసులు గోపురంలా పేర్చారు. స్పీడోమీటరు 145 మైళ్ళు చూపిస్తుంటే ఒక్క గ్లాసూ తొణకలేదు. కారు రోడ్డు మీద కాదు, రోలర్ల మీద ఉంది. ఇన్ఫినిటీ అంతకన్నా తాత్వికంగా పోయింది. మొదటి ప్రకటనల్లో రాళ్ళూ చెట్లూ చూపించి కారును చూపించడం మానేసింది. 2020లో అది పశ్చిమ ఐరోపా నుంచి మూటాముల్లె సర్దుకుంది, మన దేశానికి రానే లేదు. రాళ్ళు మాత్రం ఉన్నాయి.

ఇక పరీక్షలు. మొదటిది తలుపు. సమీక్షకుడు కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, తలుపు తెరిచి, కెమెరా వైపు చూసి ‘వినండి’ అని హెచ్చరించి మూస్తాడు. ధబ్. మళ్ళీ తెరిచి మళ్ళీ మూస్తాడు. ధబ్. కళ్ళు అరమోడ్పులవుతాయి. తర్వాత జపాన్ కారు దగ్గరికి వెళ్ళి అదే పని చేస్తాడు. టప్. ముఖంలో చిన్న జాలి. అంతటితో బిల్డ్ క్వాలిటీ అనే అధ్యాయం పూర్తవుతుంది. ఇంజను ఇంకా స్టార్టు చేయలేదు.

ఆ చప్పుడు ఎక్కడి నుంచి వస్తుందో ఏ సమీక్షలోనూ ఉండదు కాబట్టి ఇక్కడ చెప్పుకోవాలి. తలుపు లాకులో పంజాలాంటి ముక్క ఒకటి ఉంటుంది. అది స్తంభానికున్న ఇనుప కొక్కేన్ని పట్టుకునేటప్పుడు ఒక చప్పుడు. చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్ నలిగేటప్పుడు ఇంకొకటి. పైరేకు అదిరితే మరొకటి. పంజాకు ప్లాస్టిక్ పూత వేస్తే ఇనుము ఇనుముకు తగిలే మోత పోతుంది. రేకు లోపలివైపు తారు షీటు అతికిస్తే రేకు మోగదు. బీడింగ్ రెండు వరసలు చేస్తే సన్న చప్పుళ్ళు అణిగిపోయి లావు చప్పుడు మిగులుతుంది. లావు చప్పుడు వింటే మనిషికి వస్తువు బరువైనది, గట్టిది అనిపిస్తుంది. అది వినేవాడి మనసు సంగతి, ఉక్కు సంగతి కాదు. ఈ పని కోసమే మైకులు పెట్టుకుని కూర్చునే ధ్వని ఇంజనీర్లు జర్మనీలోనూ ఉన్నారు, జపాన్లోనూ ఉన్నారు, కొరియాలోనూ ఉన్నారు.

పక్క నుంచి లారీ వచ్చి గుద్దితే మనిషిని కాపాడేది తలుపు లోపల అడ్డంగా ఉండే ఉక్కు కడ్డీ, రెండు తలుపుల మధ్య నిలువు స్తంభం, పక్క ఎయిర్‌బ్యాగులు. వీటిలో ఏదీ ‘ధబ్’ అనదు. కార్లను గోడకేసి కొట్టి మార్కులు వేసే యూరో ఎన్‌క్యాప్ వారి పట్టికలో తలుపు చప్పుడుకు గడి లేదు. కొబ్బరికాయను చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల నీళ్ళున్నాయో లేవో కనీసం తెలుస్తుంది. తలుపు మూసి వింటే తెలిసేది తారు షీటు మందం.

ఇదే పరీక్షను అద్దం సగం దించి చేస్తే ఫలితం మారుతుంది. లోపలి గాలికి దారి దొరుకుతుంది, తలుపులో వేలాడే గాజు కదులుతుంది, చప్పుడులో గాంభీర్యం తగ్గుతుంది. అందుకే కాబోలు, ఏ సమీక్షకుడూ అద్దం దించడు. ఇంకో తమాషా ఉంది. ధబ్ వినడానికి కోటి రూపాయలు పెట్టినవాడే మరికొంత పెట్టి సాఫ్ట్ క్లోజ్ తీసుకుంటాడు. 1991 నాటి ఎస్ క్లాసులోనే ఉన్న సదుపాయమిది. తలుపును ఊరికే ఆనించి వదిలేస్తే చివరి కొన్ని మిల్లీమీటర్లు మోటారు లాక్కుంటుంది. ధబ్ లేదు, ఏమీ లేదు. చప్పుడుకు ఒకసారి, చప్పుడు లేకపోవడానికి ఇంకోసారి డబ్బు కట్టించుకోగలగడం నిజంగా గొప్ప ఇంజనీరింగే.

పైగా ఈ బళ్ళలో తలుపు యజమాని ఎక్కడ మూస్తాడు? జూబ్లీహిల్స్‌లో దిగినవాడు ఫోన్ మాట్లాడుకుంటూ వెనక్కి చూడకుండా లోపలికి పోతాడు. మూసేది డ్రైవరు. ఫంక్షన్ హాలు దగ్గరయితే వాలెట్ పార్కింగ్ కుర్రాడు. జర్మనీలోని స్టుట్‌గార్ట్ నుంచి అంత శ్రమపడి పంపిన నాదం నెలజీతానికి పనిచేసేవాడి చెవిన పడి గాలిలో కలిసిపోతోంది.

తలుపు తర్వాత డాష్‌బోర్డును వేళ్ళతో తట్టడం ఉంటుంది. దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు.

మూడోది ఆత్మ. ఈమధ్య దీన్నే డీఎన్ఏ అంటున్నారు. డల్లాస్‌లో తెలుగువాడు జర్మన్ బండి అని మురిసిపోయే బీఎండబ్ల్యూ ఎక్స్5 దక్షిణ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్‌లో తయారవుతుంది. బెంజి జీఎల్ఈ పుట్టిల్లు అలబామా. ఆడి క్యూ5 మెక్సికో నుంచి వస్తుంది. జపాన్ ఓపికకు మారుపేరైన లెక్సస్ ఆర్ఎక్స్‌ను 2003 నుంచి కెనడాలోని కేంబ్రిడ్జిలో కూడా చేస్తున్నారు. మన దగ్గర బీఎండబ్ల్యూ 3 సిరీస్‌ను చెన్నై దగ్గర, బెంజి ఈ క్లాసును పుణె దగ్గరి చకన్‌లో, లెక్సస్ ఈఎస్‌ను కర్ణాటకలోని బిడదిలో బిగిస్తారు. ఆ లెక్కన ఈ క్లాసుకు మరాఠీ డీఎన్ఏ ఉండాలి. అలా అని ఏ షోరూములోనూ చెప్పరు.

2019లో తిరిగొచ్చిన టయోటా సుప్రాను చూడాలి. ముందు టయోటా ముద్ర. బానెట్ ఎత్తితే బీఎండబ్ల్యూ ఆరు సిలిండర్ల ఇంజను, దాని వెనక జర్మన్ గేరుబాక్సు. బండిని బిగించింది ఆస్ట్రియాలోని గ్రాట్స్ ఊళ్ళో, బీఎండబ్ల్యూ జెడ్4తో పాటు ఒకే కప్పు కింద. ఛాసిస్ నంబరు జర్మనీకి గుర్తయిన డబ్ల్యూతో మొదలవుతుంది. ఇన్ఫినిటీ క్యూ30 అస్థిపంజరం బెంజి ఏ క్లాసుది, కట్టింది ఇంగ్లండులో. బెంజి ఎక్స్ క్లాస్ పికప్ అస్థిపంజరం నిస్సాన్ నవారాది. వీటిని రెండు దేశాలకు పంచి ఆత్మ ఎటుందో తేల్చాలంటే సమీక్షకుడు కాదు, భూతవైద్యుడు కావాలి.

వేగం గురించి క్లుప్తంగా. జర్మన్ కంపెనీలు తమలో తాము ఒప్పందం చేసుకుని కార్లను గంటకు 250 కిలోమీటర్ల దగ్గర కట్టేశాయి. ఆ కట్టు విప్పాలంటే మళ్ళీ డబ్బు. జపాన్ కంపెనీలు 280 హార్స్‌పవర్ దాటినట్టు కాగితం మీద రాయబోమని 2004 దాకా మాట మీద నిలబడ్డాయి, కాగితం మీద మాత్రమే. హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు మీద గరిష్ఠ వేగం 120, అది కూడా 2023లో వంద నుంచి పెంచాక. సాయంత్రం ఏడింటికి అమీర్‌పేటలో రెండు దేశాలూ ఆటో వెనకే.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ‘జర్మన్ ఇంజనీరింగ్’ అన్న మాటను ఇంకా చెంపలేసుకుంటూ పలకడం మాత్రం సిగ్గులేనితనం. 2015 సెప్టెంబరులో బయటపడిందేమిటి? పరీక్ష జరుగుతున్నట్టు పసిగట్టి, ఆ కాసేపు మాత్రం పొగ తగ్గించే సాఫ్ట్‌వేరును ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు ప్రపంచమంతటా కోటీ పది లక్షల డీజిలు కార్లలో పెట్టింది. రోడ్డెక్కాక కొన్ని కార్లు హద్దుకు 40 రెట్ల దాకా నైట్రోజన్ ఆక్సైడ్లు కక్కాయని అమెరికా పర్యావరణ సంస్థ చెప్పింది. ఆడి ఆ గ్రూపుదే. పోర్షే ఆ గ్రూపుదే. మన దేశంలో మూడు లక్షల 23 వేల పైచిలుకు బళ్ళను వెనక్కి పిలవాల్సి వచ్చింది, 2019లో హరిత ట్రిబ్యునల్ 500 కోట్లు కట్టమంది. ఆడి మాజీ అధిపతికి 2023లో మ్యూనిక్ కోర్టు శిక్ష వేసింది. జైలుకు పోనక్కర్లేని శిక్ష.

అది చాలదన్నట్టు 2014లో అమెరికాలోని ఒక ప్రయోగశాలలో పది కోతుల్ని గదుల్లో పెట్టి డీజిలు పొగ పీల్పించారు. కదలకుండా కూర్చోవడానికి వాటికి కార్టూన్లు వేశారు. ప్రయోగం చేయించిన సంస్థకు డబ్బిచ్చింది ఫోక్స్‌వ్యాగన్, అప్పట్లో బెంజి తయారుచేసిన డైమ్లర్, బీఎండబ్ల్యూ, ముగ్గురూ. ఈ ముగ్గురినీ బద్ధశత్రువుల్లా నిలబెట్టి ‘ఎవరు గెలుస్తారు’ అని అరిచే పోలికలు చూస్తే ఒళ్ళు మండుతుంది. ఆ శత్రువులు ఏళ్ళ తరబడి ఒకే బల్ల చుట్టూ కూర్చుని, పొగ శుభ్రం చేసే యాడ్‌బ్లూ ట్యాంకు ఎంత పెద్దది ఉండాలో, ఎవరూ ఎవరికన్నా మెరుగ్గా శుభ్రం చేయకుండా ఎలా ఉండాలో మాట్లాడుకున్నారు. 2021 జులైలో ఐరోపా కమిషన్ అందుకు 87.5 కోట్ల యూరోల జరిమానా వేసింది. గుట్టు విప్పినందుకు డైమ్లరుకు మాఫీ. పోటీ పడగలిగీ పడకూడదని కుదుర్చుకున్నవాళ్ళ మధ్య పోటీ పెట్టి మార్కులు వేస్తున్నారు మనవాళ్ళు.

ఓపిక వైపు లెక్క కూడా చూడాలి. నమ్మకానికి ప్రమాణంగా చూపే జేడీ పవర్ సర్వేలో వంద బళ్ళకు ఎన్ని ఫిర్యాదులో లెక్కేస్తారు. గేరుబాక్సు చచ్చినా ఒకటే, బ్లూటూత్ కలవకపోయినా ఒకటే. 2009 ఆగస్టులో శాన్ డియేగో దగ్గర షోరూము వారు తాత్కాలికంగా ఇచ్చిన ఒక లెక్సస్ ఈఎస్ 350లో వేరే మోడలు ఫుట్ మ్యాటు వేసి ఉంది. దాని కింద యాక్సిలరేటరు ఇరుక్కుని కారు ఆగలేదు. నలుగురు చనిపోయారు. పెడళ్ళ లోపాల గురించి జనాన్ని తప్పుదోవ పట్టించినట్టు ఒప్పుకుని 2014లో టయోటా అమెరికా ప్రభుత్వానికి 120 కోట్ల డాలర్లు కట్టింది. తకాటా అనే జపాన్ కంపెనీ ఎయిర్‌బ్యాగుల్లో వాడిన అమోనియం నైట్రేటు వేడికీ ఉక్కకూ చెడిపోయి, బ్యాగు విచ్చుకునేటప్పుడు ఇనుప తునకలు ముఖం మీదికి ఎగిరాయి. మనుషులు పోయారు. ఆ బ్యాగులు లెక్ససులోనూ ఉన్నాయి, బీఎండబ్ల్యూలోనూ ఉన్నాయి. బెంజిలోనూ, ఆడిలోనూ ఉన్నాయి. వేడీ ఉక్కా బాగా ఉన్న దేశంలో కోటి పెట్టి కారు కొనేవాడికి చెప్పాల్సిన మొదటి కథ ఇది. చెబుతున్నది తలుపు కథ.

నెలవారీ చందా సంగతి ఒక ముక్క. 2022లో దక్షిణ కొరియాలో బీఎండబ్ల్యూ అప్పటికే సీటులో ఉన్న వేడి తీగలను వాడుకోవడానికి నెలనెలా డబ్బు అడిగి, మరుసటేడు తోక ముడిచింది. అమెరికాలో బెంజి తన విద్యుత్ కార్లకు ఏడాదికి 1,200 డాలర్లు కడితే ఇంకాస్త జోరుగా కదులుతాయంది. కారులో ఉన్నదే, కట్టేసి ఉంది.

చివరిది మన రోడ్ల మీద వాడకం, పోలికల్లో అరనిమిషానికి మించి దక్కనిది. రన్‌ఫ్లాట్ టైర్లతో వచ్చే కొన్ని బీఎండబ్ల్యూల్లో స్టెప్నీ ఉండదు. గాలి పోయినా 80 వేగంతో 80 కిలోమీటర్లు పోవచ్చంటారు. సూర్యాపేట దగ్గర పంక్చరయితే అటు విజయవాడా ఇటు హైదరాబాదూ రెండూ 130 కిలోమీటర్ల పైమాటే. లెక్సస్ అయితే సర్వీసు సెంటరు ఉన్న ఊరు వెతుక్కోవాలి. రాజకీయ నాయకులు ఈ చర్చను ఏనాడో ముగించి ఫార్చ్యూనరూ ల్యాండ్ క్రూయిజరూ కొనుక్కున్నారు. మిగిలినవాళ్ళు ఖైరతాబాదు ఆర్టీఏలో 9999 కోసం లక్షలు పాడుకుంటున్నారు.

తీర్పు ఎప్పుడూ ఒకటే: ‘మీ అవసరాన్ని బట్టి’. ఆ మాట చెప్పడానికి వాడిన రెండు కార్లూ కంపెనీలు పెట్రోలు పోయించి పంపినవి. సాయంత్రానికి తిరిగి అప్పజెప్పాలి. కాబట్టి వారంటీ దాటిన ఐదో ఏట ఎయిర్ సస్పెన్షన్ కుంగితే బిల్లు ఎంతవుతుందో, అప్పటికి సగానికి సగం పడిపోయిన ఆ బండిని సెకండ్ హ్యాండులో కొన్న మధ్యతరగతివాడు దాన్ని ఎక్కడ అమ్ముకుంటాడో ఏ పోలికలోనూ కనిపించవు.