కంట్లో పువ్వు వేయించే సలహాలు

పోయిన వానకాలం పంట కోసినప్పుడు మా వాడకట్టులో ఒకామె వడ్ల కొనుగోలు కేంద్రం దగ్గర ఫ్యాను పెట్టి తాలు తూర్పారబడుతుంటే కంట్లో పొట్టు పడింది. కొంగుతో నలిపింది. ఎర్రబడింది. ఆ సాయంత్రం నుంచి ఆమెకు సలహాలకు కొదవ లేదు. నాలుకతో నలుసు తీసే అవ్వ దగ్గరికి పొమ్మన్నారొకరు. "బాలింత పాలు రెండు చుక్కలు పిండించుకో బిడ్డా, సల్లబడ్తది" అన్నది పెద్దమ్మ. మూడో రోజు మందుల షాపులో ఏవో చుక్కలు ఇచ్చారు. వేసుకోగానే ఎరుపు తగ్గింది, నమ్మకం కుదిరింది. తొమ్మిదో రోజు నల్లగుడ్డు మీద మినపగింజంత తెల్లమచ్చ. అప్పుడు వరంగల్ బస్సెక్కింది.

చెప్పినవాళ్లలో ఒక్కరికీ ఆమె మీద పగ లేదు. అందరూ ప్రేమతోనే చెప్పారు. కానీ ఆ ప్రేమ తొమ్మిది రోజులు తినేసింది. కంటి విషయంలో మనం వినకూడని మాటలేమిటో రాయాలని అనిపించింది అప్పుడే.

నల్లగుడ్డు మీద గడియారపు అద్దంలా ఉండే పొర కార్నియా. మందం దాదాపు అర మిల్లీమీటరు. అందులో రక్తనాళాలు ఉండవు, అందుకే అంత స్వచ్ఛంగా ఉంటుంది. వరి పొట్టు, ఆకు కొస, మక్కజొన్న ఆకు గీసుకుంటే ఆ గీతలోంచి బూజు లోపలికి పోతుంది. మన పొలాల్లో ఇది మామూలు. నోటి ఉమ్మిలో సూక్ష్మక్రిములుంటాయి, పాలు వాటికి మేత. ఇక స్టెరాయిడ్ ఉన్న చుక్కలు ఎరుపునూ మంటనూ అణుస్తాయి, లోపల బూజును మాత్రం పెరగనిస్తాయి. డాక్టరు మచ్చను కొద్దిగా గీకి సూక్ష్మదర్శిని కింద చూస్తేనే అది బూజో మరొకటో తేలుతుంది. బూజైతే నాటమైసిన్ చుక్కలు మొదట్లో గంటకోసారి వెయ్యాలి, వారాల తరబడి. మచ్చ మానినా దాని జాడ మిగులుతుంది. మన ఊళ్లలో "కంట్ల పువ్వేసింది" అనేది దాన్నే.

కాబట్టి పొట్టు పడితే నలపకండి. శుభ్రమైన నీళ్లతో కడగండి. తెల్లారేసరికి కన్ను గరగరలాడుతూ ఎర్రగానే ఉంటే ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ములుగు నుంచి వరంగల్‌లోని ప్రాంతీయ కంటి ఆసుపత్రికి సుమారు 50 కిలోమీటర్లు. కూలి పోతుందని ఆగకండి.

ఏటూరునాగారం, మంగపేట వైపు మిరప ఏరేటప్పుడు చెయ్యి కంటికి తగిలితే నెయ్యి రాయమంటారు. వద్దు, నీళ్లే. పురుగుమందు చిందితే పావుగంటకు తగ్గకుండా ధారగా కడిగి, డబ్బా వెంట పట్టుకొని ఆసుపత్రికి పోవాలి.

"పొర ముదరనియ్యి, అప్పుడే ఆపరేషను" అన్నది కంటి శుక్లం గురించి వినబడే మరో మాట. దీనికి ఒకప్పుడు అర్థం ఉండేది. అప్పట్లో లెన్సు మొత్తం తీసేసి సోడాబుడ్డి అద్దాలు ఇచ్చేవారు, అందుకే చూపు బాగా తగ్గేదాకా ఆగమనేవారు. ఇప్పుడు చిన్న కోతలోంచి శుక్లం తీసి, లోపలే లెన్సు పెడతారు. చాలామంది అదే రోజు ఇంటికొస్తారు. ఎండకాలమైనా చేయించుకోవచ్చు. ముదిరేదాకా ఉంచితే అది గట్టిపడి ఆపరేషను కష్టమవుతుంది, కంట్లో ఒత్తిడీ పెరగవచ్చు. మా బంధువు ఒకాయన నాలుగేళ్లు ఆగి, చేయించుకున్నాక పాలంపేట వెళ్లాడు. 1213లో కట్టిన రామప్ప గుడి అది, 2021లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. పుట్టినప్పటి నుంచి చూస్తున్న గుడే. నల్లరాతి మదనిక మెడలో హారపు పూసలు వేలు చూపి లెక్కపెడుతూ నిలబడ్డాడు. ఆ నాలుగేళ్లు ఎందుకు పోగొట్టుకోవాలి?

"కనబడుతనే ఉంది గదా, సూపిచ్చుకునుడెందుకు?" అనేది అన్నిటికన్నా ప్రమాదం. నీటికాసుల్లో చాలావరకు నొప్పే ఉండదు. చూపు అంచుల నుంచి తగ్గుతూ వస్తుంది, పోయింది తిరిగిరాదు. షుగరు రెటీనాను పాడుచేసేటప్పుడూ మొదట ఏమీ తెలియదు. నలభై దాటినవాళ్లూ, షుగరున్నవాళ్లూ ఏడాదికోసారి చూపించుకోవాలి.

పిల్లల సంగతికి వస్తే నాకు కోపమొస్తుంది. "ఆడపిల్లకు అద్దాలు పెడితే పెండ్లి కాదు", "అద్దాలు అలవాటైతే కండ్లు ఇంకా పాడైతయ్." రెండూ తప్పే. ఒక కన్ను మసకగా ఉంటే మెదడు దాన్ని పక్కన పెట్టేస్తుంది. ఏడెనిమిదేళ్ల లోపు సరిచేయకపోతే తర్వాత అద్దాలు పెట్టినా ఆ కన్ను పూర్తిగా పనిచేయకపోవచ్చు. మునగాకు, బొప్పాయి పెట్టండి, ఎ విటమిన్ కోసం, రేచీకటి రాకుండా. అవి అద్దాల పని మాత్రం చేయవు.

2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో ప్రభుత్వ కంటి పరీక్షల కార్యక్రమం కంటివెలుగు మొదలైంది. 2023 జనవరి 18న ఖమ్మంలో రెండో విడత. ఆ శిబిరాల్లో ఇచ్చిన అద్దాలు కొన్ని ఇళ్లలో ఇంకా గూట్లోనే ఉన్నాయి. మా అవ్వ మాత్రం పెట్టుకుంది. చాటలో బియ్యం చూసి, "ఇన్నొద్దులు ఇన్ని రాళ్లు తిన్నమా బిడ్డా!" అన్నది.

వాడకట్టు ఆమె కన్ను నిలిచింది, చూపు నిలవలేదు. పువ్వు నల్లగుడ్డు నడిమధ్యన ఉంది. ఇప్పుడు ఆమెకు కావలసింది మరొకరి కార్నియా. "కండ్లు దానమిస్తే వచ్చే జన్మల గుడ్డోళ్లయి పుడుతరు" అని చెప్పేవాళ్లకు ఆమెను చూపిద్దామనుకుంటాను. అద్దాలు వాడినవాళ్లూ, శుక్లం ఆపరేషను అయినవాళ్లూ ఇవ్వవచ్చు. ప్రాణం పోయిన ఆరు గంటల్లోపు తీసుకోవాలి. కాబట్టి ఈ మాట ఇంట్లో ముందే అనుకొని పెట్టుకోండి, నేత్రనిధి ఫోను నంబరు గోడ మీద రాసి పెట్టుకోండి.